పల్లెవెలుగులో దీర్ఘశాంతం

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. లేచి నిలబడ్డవాళ్లు జ్వరం తగ్గిందని, ఆపరేషన్ బాగా జరిగిందని, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని, బిడ్డకు సంబంధం కుదిరిందని చెప్పి దేవునికి స్తోత్రం అంటారు. మేమంతా ఆమేన్ అంటాం. ఆ కృతజ్ఞత నిజమైనదే, నా సాక్ష్యాలూ చాలావరకు అలాంటివే. కానీ ఈ వారం ఫలానా మనిషి మీద కోపం ఎలా ఆపుకున్నానో, ఇచ్చిన మాట కష్టమైనా ఎలా నిలబెట్టుకున్నానో, పొడ గిట్టని తోడికోడలితో ఎలా మాట్లాడానో లేచి చెప్పేవాళ్లు అరుదు. దేవుడు మనకేం చేశాడో చెప్పడం మనకు బాగా వచ్చు. ఆయన మనల్ని ఎలాంటి మనుషులుగా చేయాలనుకుంటున్నాడో, అందులో మన వంతు ఏమిటో మాట్లాడుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల ఊళ్ల మధ్య తిరిగే పల్లెవెలుగు బస్సుల్లో నా డ్యూటీ. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) డోర్నకల్ డయాసిస్‌లో పుట్టి పెరిగాను. గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు చెప్పిన ఆత్మఫలంలోని తొమ్మిది గుణాలూ సండేస్కూల్లో కంఠత పెట్టించారు. ఇప్పుడు అవే మా వంటింటి గోడ మీద సంఘం క్యాలెండర్‌లో ద్రాక్షగుత్తి బొమ్మ కింద అచ్చయి ఉన్నాయి. తొమ్మిదింటినీ తడుముకోకుండా ఒప్పజెప్పడం వేరు, నిలబడ్డానికి చోటులేని బస్సులో వాటిలో ఒక్కటైనా మనలో ఉండడం వేరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఏ సద్గుణమైనా దానంతట అది వస్తుందని కూర్చుంటే రాదు. దానికి ఒక చోటు, ఒక వేళ, చేతికి ఒక పని ముందే కేటాయించాలి.

నా చోటు బస్సు కాబట్టి బస్సు సంగతే చెబుతాను. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. అప్పటినుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. డబ్బు తీసుకోకపోయినా జీరో టికెట్ కొట్టి చేతికివ్వాలి, కొట్టేముందు గుర్తింపు కార్డు చూడాలి. స్టేజీ దాటేలోపు అందరికీ టికెట్లు అందాలి. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు ఎవరి దగ్గరైనా టికెట్ లేకపోతే నన్నూ అడుగుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ హడావుడి ఇంకా పెరుగుతుంది. మిర్చి ఏరే కూలీలు తెల్లవారకముందే సద్దిగిన్నెలతో ఎక్కుతారు. అదే సమయంలో శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతర. దానికి కాస్త ముందో వెనకో మాకు భస్మ బుధవారం వచ్చి లెంటు మొదలవుతుంది. సంఘం మమ్మల్ని ఉపవాసానికీ ధ్యానానికీ పిలిచే నలభై రోజులూ, నా ఓపిక అడుగంటే రోజులూ ఒక్కటే. దీన్ని నేను ఆటంకం అనుకోను. లెంటు రావలసింది ఇలాంటి చోటికే.

ఆ తొమ్మిదిలో ఒకటైన దీర్ఘశాంతం ఇమ్మని ప్రార్థన చేసేటప్పుడు మనం దాన్ని ఆకాశమంత విషయంగా అడుగుతాం. నేను చేసిందల్లా అది ఎక్కడ తెగుతోందో కనిపెట్టి చూడడం. బస్సంతటా తెగదు. నా వరకు అది తెగేది ప్రధానంగా ఒకచోట, ముసలమ్మలు ఆధార్ కార్డు వెతుక్కునేటప్పుడు. కొంగు చివర ముడి ఉంటుంది. ముడి విప్పితే ప్లాస్టిక్ కవరు, దానికి రెండు మూడు చుట్లు తిప్పిన రబ్బరు బ్యాండు. లోపల మందుల చీటీ, పింఛను కాగితం, నాలుగు మడతల్లో ఒక నోటు, అన్నిటికంటే అడుగున ఆధార్. మిర్చి ఏరిన వేళ్లు మండుతూ ఉంటాయి, గోళ్ల సందుల్లో ఎరుపు పోదు. ఆ వేళ్లకు రబ్బరు బ్యాండు చిక్కదు. వెనకనుంచి ఒకరు "టికెట్ టికెట్" అని అరుస్తుంటారు, ముందు డ్రైవరన్న అద్దంలో చూస్తుంటాడు, ఫుట్‌బోర్డు మీద ఇంకో ముగ్గురు వేలాడుతుంటారు. "జర ఆగు బిడ్డా, కండ్లు కనవడ్తలేవు" అంటుంది అవ్వ.

ఆ క్షణంలో ఏం చేయాలో నేను ముందే నిర్ణయించుకున్నాను. టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మీద నుంచి చెయ్యి తీసేస్తాను. ఆ చేత్తో పై కమ్మీ పట్టుకుంటాను. వెనక అరుస్తున్నవాళ్ల వైపు చూడకుండా ఆమె వేళ్లనే చూస్తాను. "నిమ్మళంగ తియ్యి అవ్వా" అంటాను. అంతే. ఈ నాలుగూ ప్రతిసారీ ఒకే వరసలో చేస్తాను. మనసులో శాంతం ఉన్నరోజు చేస్తాను, లేనిరోజు కూడా చేస్తాను. మొదట్లో ఆ మాట నోటిదాకానే ఉండేది. చాలాకాలం చేశాక, చెయ్యి కమ్మీ మీదకు వెళ్లేసరికే లోపల ఏదో సడలడం తెలిసింది. పాస్టరయ్యగారు చెప్పే దీర్ఘశాంతం నాకు మొదటిసారి పట్టుబడింది అక్కడే.

రెండోది చిల్లర. ఐదొందల నోటిచ్చి పదిహేను రూపాయల టికెట్ అడిగేవాళ్లు రోజూ ఉంటారు. ఫోన్‌తో కట్టడం వచ్చాక తగ్గింది గానీ పోలేదు. చేతిలో చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిస్తాం, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. నిద్రలో దిగిపోయేవాళ్లు, పిల్లల్ని దింపే హడావుడిలో మరచిపోయేవాళ్లు, అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు. దిగిన మనిషి తిరిగి రాడు, డబ్బు సంచిలో ఉంటుంది. ఇక్కడ నమ్మకంగా ఉండడమంటే దొంగతనం చేయకపోవడం ఒక్కటే కాదని నా అభిప్రాయం. అడగనివాడికి కూడా ఇవ్వడమే నమ్మకత్వం. అందుకే రాసిచ్చిన ప్రతిసారీ మనిషి ముఖం, సీటు, దిగే ఊరు మనసులో పెట్టుకుంటాను. ఆ ఊరు రావడానికి ఒక స్టేజీ ముందే చిల్లర పోగుచేసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాను. "తెల్లచొక్కా పెద్దాయనా, మీకు నేనియ్యాలె" అని బస్సంతా వినేలా పిలుస్తాను. పెద్దాయన ఆశ్చర్యపోతాడు. తన డబ్బు తనకు వస్తే మనిషి ఆశ్చర్యపోవలసి రావడం నాకు బాధగా ఉంటుంది.

చేతికి ముందే పని చెప్పిపెట్టే ఈ పద్ధతి నాకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు, మా నాయనమ్మ వంటింటి నుంచి వచ్చింది. ఆమె అన్నం వండడానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంత గుడికి వెళ్లేది. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నరోజూ పిడికెడే, నూకలు వండుకున్నరోజూ పిడికెడే. ఇవ్వాలనిపించిందా లేదా అన్న ప్రశ్న ఆ ఇంట్లో లేదు. ముంత బియ్యం డబ్బా పక్కనే ఉండేది, చెయ్యి దానంతట అది వెళ్లేది. ఆమె తరం పేదరికం ఎలాంటిదో ఈ ప్రాంతపు దళిత కుటుంబాలను అడిగితే చెబుతారు. కూలి చేసుకునేవాళ్లు, చదువు లేనివాళ్లు పిడికెడు చొప్పున ఇచ్చి తమ సంఘాన్ని తామే నిలబెట్టుకున్నారు. ఔదార్యం డబ్బున్నవాళ్ల గుణమని ఎవరైనా అంటే నాకు ఆ ముంత గుర్తొస్తుంది.

ఈ పద్ధతి మీద మా సంఘంలోనే ఒక అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఆత్మఫలం ఆత్మ ఇచ్చేదే, మన కష్టంతో కాయించుకునేది కాదు, ఇలా గుణాలు సాధన చేయడం మొదలుపెడితే చివరికి క్రియల వల్ల రక్షణ అనే దారిలోకి పోతాం అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన భయం నిజమైనదే. మంచి పనులు మనిషిని నీతిమంతుణ్ణి చేయవని, దేవుడు నీతిమంతుణ్ణి చేసిన మనిషి మంచి పనులు చేస్తాడని మార్టిన్ లూథర్ 1520లో వాదించినప్పుడు ఐరోపా అంతా కదిలిపోయింది. నా రక్షణ నేను అవ్వలకు చూపే ఓపిక మీద ఆధారపడి ఉంటే నాకు నిద్రే పట్టదు.

కానీ అదే పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టాడు. మీ రక్షణను భయంతో వణుకుతో కొనసాగించుకోండి అనే అర్థంలో చెప్పి, వెంటనే, మీలో ఇష్టాన్నీ పనినీ పుట్టించేవాడు దేవుడే అన్నాడు. ఆయన మధ్యలో "అయినప్పటికీ" అనలేదు, "ఎందుకంటే" అన్నాడు. దేవుడు పనిచేస్తున్నాడు కాబట్టే మనమూ చేయాలి. పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. విశ్వాసానికి సద్గుణాన్ని, దానికి జ్ఞానాన్ని, ఆశానిగ్రహాన్ని, సహనాన్ని, భక్తిని, సహోదర ప్రేమను, చివరికి ప్రేమను ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పొమ్మంటాడు, అదీ పూర్తి శ్రద్ధతో. శ్రద్ధ అక్కర్లేని పని అయితే ఆ మాట ఎందుకు? కృపకు ఎదురు నిలబడేది అహంకారం గానీ ప్రయత్నం కాదు. కృప పొందిన మనిషికే ప్రయత్నం చేసే ధైర్యం ఉంటుంది, తప్పినా తోసేయరని తెలుసు కాబట్టి.

ఇంకొందరికి ఇంకో అనుమానం. లోపల ప్రేమ లేకుండా పైకి ప్రేమగా మాట్లాడితే అది వేషధారణ కాదా? దీనికి నాకు జవాబు దొరికింది రోమన్ కతోలిక సంఘానికి చెందిన నా తోటి కండక్టర్ చదవమని ఇచ్చిన పుస్తకంలో. ఫ్రాన్స్‌లో లిజియూ అనే ఊళ్లో తెరేసా అనే అమ్మాయి 1888లో, పదిహేనేళ్ల వయసులో కార్మెల్ మఠంలో చేరింది. 1897లో క్షయతో, ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది. ప్రపంచం చూసేంత పెద్ద పని ఏదీ చేయలేదు. సాయంత్రం ధ్యానంలో ఆమె వెనక కూర్చునే ఒక సిస్టర్ ఏదో చిన్న శబ్దం చేస్తుండేదట. తెరేసాకు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూడాలనిపించేది. తట్టుకోలేక చెమటలు పట్టేవి. చివరికి ఆ శబ్దాన్ని తప్పించుకోవడం మానేసి, దాన్నే మంచి సంగీతం విన్నట్టు వినడం మొదలుపెట్టింది. ఆ మఠంలోనే తనకు అస్సలు గిట్టని ఇంకో సిస్టర్‌ను, తాను అందరికంటే ఎక్కువ ప్రేమించే మనిషిని చూసుకున్నట్టే చూసుకునేది. ఆ సిస్టర్ ఒకరోజు, నాలో ఏం చూసి నీకు ఇంత ఇష్టం అని అడిగిందట.

ఇది వేషం అనలేం. వేషధారి మనుషుల మెప్పు కోసం లేనిది చూపిస్తాడు, ఒంటరిగా ఉన్నప్పుడు వదిలేస్తాడు. తెరేసా ఎవరూ చూడనిచోట, చూసినా ఎవరికీ అర్థంకాని చోట చేసింది. పౌలు కొలొస్సయులకు దయను, వినయాన్ని, దీర్ఘశాంతాన్ని బట్టల్లా తొడుక్కోమని రాశాడు. బట్టలు ఒంట్లోంచి మొలవవు, పొద్దున్నే లేచి మనమే వేసుకుంటాం.

ఇక్కడిదాకా రాసింది ఇక్కడే ఆపేస్తే అబద్ధం అవుతుంది. సాత్వికం, ఓర్పు, విధేయత అనే మాటలు అందరి చెవిలో ఒకేలా పడవు. మా నాయనమ్మకు ఆ మాటలు గుడిలోనే కాదు, దొరల ఇంటి ముందూ వినిపించాయి. తరతరాలుగా తలవంచుకుని నిలబడమన్న మనుషులకు ఇంకా కొంచెం తల వంచండి అని ప్రసంగం చేస్తే అది సువార్త అవుతుందా? ఇంట్లో దెబ్బలు తినే ఆడపిల్లకు దీర్ఘశాంతం వాక్యం చూపించి వెనక్కి పంపిన పెద్దలు ఉన్నారు. వాక్యాన్ని అలా వాడడం పాపమే అంటాను.

యేసు సాత్వికాన్ని చూడండి. ప్రధాన యాజకుడు ప్రశ్నిస్తుండగా పక్కనున్న బంట్రోతు ఆయనను చెంప మీద కొట్టాడు. యోహాను పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం యేసు మౌనంగా ఊరుకోలేదు. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. నేను చెడ్డమాట అంటే అదేంటో చూపించు, మంచిమాటే అంటే ఎందుకు కొట్టావు అని అడిగాడు. ఫిలిప్పీలో అధికారులు పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేయించి, తెల్లారాక చప్పుడు చేయకుండా పంపేయాలని చూశారు. పౌలు కదలనన్నాడు. విచారణ లేకుండా రోమా పౌరులను నలుగురిలో కొట్టారు, ఇప్పుడు వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. ఆత్మఫలం గురించి రాసిన మనిషే ఈ మాటా అన్నాడు. కాబట్టి ఎవరికి ఏ గుణం కొరవడిందో ముందు చూసుకోవాలి. నోరు పెద్దదైనవాడు శాంతం నేర్చుకోవాలి. నోరు నొక్కేయబడినవాళ్లు నిజం చెప్పే ధైర్యం నేర్చుకోవాలి, అదీ క్రైస్తవ సద్గుణమే.

నా బస్సులో ఒక మనిషి ఎక్కేవాడు. నా ఇంటిపేరు, మా వాడ ఆయనకు తెలుసు. టికెట్ డబ్బు చేతికి ఇచ్చేవాడు కాదు, రెండు వేళ్లతో పైనుంచి నా అరచేతిలోకి జారవిడిచేవాడు. టికెట్‌ను కూడా నా వేళ్లు తగలకుండా కొసన పట్టుకుని లాక్కునేవాడు. ఒకరోజు నేను చెయ్యి చాపలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, "అయ్యా, చేతికియ్యండి. టికెట్ కూడా చేతికే తీసుకోవాలె. ఈ బస్సుల అందరికీ అట్లనే" అన్నాను. గొంతు పెంచలేదు. ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. నోటు నా చేతిలో పెట్టాడు. ఆ మాట అంత నెమ్మదిగా నా నోట వచ్చిందంటే, అవ్వల దగ్గర అన్నాళ్లు చేసిన సాధన వల్లే వచ్చింది. సాధన లేకపోతే నేను అరిచి ఉండేదాన్ని, లేదా నోరు మూసుకుని ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. దీర్ఘశాంతం నన్ను లొంగదీయలేదు, నిలబెట్టింది.

మా డయాసిస్ మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య గారు భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్. తిరునెల్వేలి తమిళుడు. మన భాష నేర్చుకుని, 1912లో బిషప్ అయినప్పటి నుంచి 1945 జనవరిలో చనిపోయేదాకా డోర్నకల్‌లోనే పనిచేశారు. అంతకుముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ముందు నిలబడి ఆయన ఒక మాట అడిగారు. మీ దానాలకూ త్యాగాలకూ కృతజ్ఞులం, మాకు ఇప్పుడు కావలసింది మీ స్నేహం అని దాని సారాంశం. పై నుంచి జాలిపడే దయకూ, పక్కన కూర్చునే ప్రేమకూ ఉన్న తేడాను అంత మర్యాదగా, అంత ధైర్యంగా ఎత్తి చూపడం చిన్న విషయం కాదు. సాత్వికం, సత్యం ఒకే గొంతులో పలికితే ఎలా ఉంటుందో మా కుర్రాళ్లకు చెప్పవలసి వస్తే నేను ఆ ప్రసంగం గురించే చెబుతాను.

రాత్రి లెక్క చూసుకోవడం గురించి కూడా చెప్పాలి. పదహారో శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా తన ఆత్మీయ సాధనల్లో ఒక పద్ధతి పెట్టారు. ఏదో ఒక్క లోపం ఎంచుకుని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఎన్నిసార్లు జారామో గీత మీద చుక్కలు పెట్టుకోవాలి, నిన్నటితో ఇవాళ్టిని పోల్చుకోవాలి. నేను చుక్కలు పెట్టను. డిపోలో క్యాష్ కట్టాక, బ్యాగు అప్పగించాక, ఇంటికి బయలుదేరేముందు బల్ల మీద కాసేపు కూర్చుని పొద్దుటి నుంచి ఎదురైన ముఖాలను ఒక్కొక్కటిగా దేవుని ముందు పెడతాను. ఎవరి ముఖం దగ్గర మనసు పక్కకు తప్పుకుంటుందో రేపటి పని అక్కడుంది. గర్వానికి కూడా ఇదే మందు. నా ఓపికను డ్రైవరన్న మెచ్చుకున్నరోజు కూడా ఆ వరసలో ఒకటి రెండు ముఖాలు తప్పకుండా ఉంటాయి.

చదివేవాళ్లను ఒకటే కోరుతున్నాను. తొమ్మిదింటి కోసం ఒకేసారి ప్రార్థించకండి. మీ పనిలో మీకు అన్నిటికంటే కరువైనది ఒకటి తీసుకోండి. అది తరగతి గదిలోనో, రేషన్ షాపులో తూకం దగ్గరో, ఆసుపత్రి ఓపీ చీటీల కిటికీ దగ్గరో, అత్తగారి మంచం పక్కనో ఎక్కడ తెగుతోందో చూసుకోండి. అక్కడ చేతికి ఏం పని చెబుతారో, నోటికి ఏ మాట ఇస్తారో ముందే నిర్ణయించుకోండి. పాస్టరయ్యలకు, సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. ఈసారి లెంటు కూటాల్లో ఎన్ని పూటలు ఉపవాసం ఉన్నారని అడిగే ముందు, మీరు ఏం పని చేస్తారు, ఆ పనిలో ఎవరి దగ్గర మీకు ప్రేమ కష్టమవుతోంది అని ఒక్కొక్కరినీ అడగండి. ఆదివారం సాక్ష్యాల్లో ఆ సంగతులకు కూడా చోటివ్వండి. చెప్పడానికి మా దగ్గర చాలా ఉన్నాయి.